పిల్లల చేతికి తాళంచెవి

1935 మార్చి 1. ఢిల్లీ శివార్లలో, యమునా తీరాన ఉన్న ఓఖ్లా గ్రామం దగ్గర ఒక విద్యాసంస్థ భవనానికి శంకుస్థాపన జరిగింది. దేశంలో పేరున్న నాయకులు, విద్వాంసులు ఎందరో ఆ సంస్థకు ఆప్తులు. ఎవరిని పిలిచినా కాదనకుండా వచ్చేవారే. అయినా పునాది రాయి వేసే గౌరవం వారిలో ఎవరికీ ఇవ్వలేదు. ఆ పాఠశాలలో అందరికన్నా చిన్నవాడైన విద్యార్థి చేత ఆ రాయి వేయించారు.

ఆ సంస్థ పేరు జామియా మిల్లియా ఇస్లామియా. అప్పటి వైస్ ఛాన్సలర్ డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయన 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాదులోనే పుట్టారు. తండ్రి ఇక్కడ న్యాయవాది. పదేళ్ల ప్రాయంలో తండ్రిని పోగొట్టుకుని, కుటుంబంతో పాటు ఉత్తరప్రదేశ్‌లోని తమ సొంత ఊరు ఖైమ్‌గంజ్‌కు చేరారు. తర్వాతి కాలంలో, 1967లో, భారత రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతిగా ఆయన అందరికీ తెలుసు. కాని అంతకుముందు ఇరవై రెండేళ్ల పాటు ఆయన ఒక పేద విద్యాసంస్థను భుజాన మోశారు. ఆ సంస్థ బడిలో పిల్లలు ఏం చేసేవారో తెలుసుకుంటే నేడు మన ఇళ్లలో జరిగే ఒక వాదనకు సమాధానం దొరుకుతుంది.

ఆ వాదన మనందరికీ పరిచితమే. బడిలో నాటకం వేస్తున్నారని, గోడపత్రికకు బొమ్మలు గీయాలని, వక్తృత్వ పోటీకి పేరు ఇచ్చానని బిడ్డ ఇంటికొచ్చి చెబుతాడు. "అవన్నీ మనకెందుకు బేటా, ముందు చదువు సంగతి చూడు" అంటాం. ఆడపిల్ల అయితే ఆ మాట మరికొంచెం గట్టిగా అంటాం. మన దృష్టిలో చదువంటే పుస్తకం, పరీక్ష, మార్కులు. మిగతాదంతా కాలక్షేపం. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో ఆలోచించాలి.

పేదరికంలో పుట్టిన బడి

ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల రోజుల్లో, 1920 అక్టోబరు 29న, అలీగఢ్‌లో జామియా మొదలైంది. ఆంగ్ల ప్రభుత్వ సాయం తీసుకునే కళాశాలలో చదవబోమని బయటికొచ్చిన విద్యార్థులు, అధ్యాపకులు దాన్ని నిలబెట్టారు. హకీం అజ్మల్ ఖాన్ తొలి ఛాన్సలర్, మౌలానా మొహమ్మద్ అలీ తొలి వైస్ ఛాన్సలర్. ఉద్యమం చల్లబడ్డాక నిధులు ఆగిపోయాయి. 1925లో సంస్థను ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలించారు. దాన్ని మూసివేద్దామన్న మాట కూడా వచ్చింది.

ఆ సమయంలో జర్మనీలో చదువుకుంటున్న ముగ్గురు యువకులు తాము వచ్చేవరకు దాన్ని మూయవద్దని కోరారు. జాకిర్ హుస్సేన్, ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్. 1926లో ముగ్గురూ తిరిగివచ్చి జామియాలో చేరారు. మరుసటి ఏడాది చివర హకీం సాహెబ్ కన్నుమూయడంతో ఉన్న ఆసరా కూడా పోయింది. 1928లో అధ్యాపకులు ఒక సంఘంగా ఏర్పడి, ఇరవై ఏళ్ల పాటు నెలకు 150 రూపాయలకు మించని జీతంతో పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. ఆ జీతం కూడా వేళకు అందని నెలలు ఎన్నో.

ఈ లెక్కలు చెప్పడానికి కారణం ఉంది. "ఇవన్నీ డబ్బున్న కాన్వెంట్లకు సాగుతాయి, మన బడులకెక్కడివి?" అని మనం అంటుంటాం. జామియా బడికి సొంత భవనం లేదు, గురువులకు నిండు జీతం లేదు. అయినా పిల్లల సంఘాలను, కళలను "పరిస్థితి బాగుపడ్డాక చూద్దాం" అని వారు వాయిదా వేయలేదు.

పిల్లలే నడిపిన బ్యాంకు

జామియా ప్రాథమిక పాఠశాలకు ప్రాణంలాంటి ఉపాధ్యాయుడు అబ్దుల్ గఫార్ ముధోలీ. పంజాబులోని మోగా అనే ఊళ్లో ఒక మిషన్ పాఠశాల ఉండేది. పాఠాన్ని ఒక పనికి ముడిపెట్టి నేర్పే పద్ధతికి ఆ రోజుల్లో ఆ బడి ప్రసిద్ధి. ముధోలీ అక్కడికి వెళ్లి ఆ పద్ధతి నేర్చుకుని వచ్చారు. క్రైస్తవ మిషనరీల బడి కదా అని వెనుకాడలేదు. మంచి విద్య ఎక్కడున్నా తెచ్చుకోవడం మన పెద్దల సంప్రదాయమే.

ఆయన బడిలో పిల్లల బ్యాంకు వెలిసింది. పిల్లల దుకాణం తెరుచుకుంది. తోట పెంచారు, కోళ్లను సాకారు. పిల్లలు తమ ప్రతినిధులను తామే ఎన్నుకుని బడి వ్యవహారాలు చూసుకునే "బచ్చోం కీ హుకూమత్", అంటే పిల్లల ప్రభుత్వం ఏర్పడింది.

వీటిలో బ్యాంకు సంగతి కొంచెం ఆగి చూద్దాం. ఒక పిల్లవాడు అణా తెచ్చి దాచుకుంటాడు. దాన్ని మరో పిల్లవాడు తీసుకుని ఖాతాలో రాయాలి. నెల తర్వాత మొదటివాడు వచ్చి అడిగితే లెక్క తప్పకుండా ఇవ్వాలి. ఇక్కడ కూడిక తప్పితే పోయేది అర మార్కు కాదు, స్నేహితుడి అణా. అరబ్బీ నుంచి ఉర్దూకు, అక్కడినుంచి మన ఇళ్లకు వచ్చిన అమానత్ అనే మాట అందరికీ తెలుసు. ఒకరు నమ్మి అప్పగించినదాన్ని చెక్కు చెదరకుండా తిరిగి ఇవ్వడం. ఆ మాటకు అర్థం పుస్తకంలో చదివిన పిల్లవాడు మరిచిపోవచ్చు. తోటివాడి అణాకు జవాబు చెప్పుకున్నవాడు మరిచిపోడు.

దుకాణం కూడా అంతే. పలకా బలపం ఎంతకు కొన్నాం, ఎంతకు అమ్మాం, మిగిలిందెంత, అరువు ఎవరికిచ్చాం అన్నవి పిల్లలే తేల్చుకోవాలి. మన పట్టణాల్లో చిన్న వ్యాపారాలు చేసుకునే కుటుంబాలు ఎన్నో. అబ్బాజాన్ దుకాణంలో కూర్చునే కుర్రాడికి ఆ తెలివి సహజంగానే అబ్బుతుంది. బడిలో మాత్రం దాన్ని ఎవరూ చదువుగా లెక్కించరు. జామియా లెక్కించింది.

నాటకం, కథ, అక్షరం

జాకిర్ హుస్సేన్ స్వయంగా కళాభిమాని. బెర్లిన్‌లో చదువుకునే రోజుల్లో, 1925లో, అక్కడి కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవాన్‌ను చిన్న సంపుటంగా అందంగా అచ్చువేయించారు. అక్షరాలు కూర్చే పనిలో తానే చేయి కలిపారు. అర్థశాస్త్రంలో డాక్టరేట్ కోసం వెళ్లిన విద్యార్థి అచ్చు కార్ఖానాలో సీసం అక్షరాలు పేర్చాడన్నమాట. చేతిపనిని విద్యకు కేంద్రంగా చేయాలన్న జర్మన్ విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ భావాలు ఆయనకు బాగా నచ్చాయి. 1937లో గాంధీజీ వార్ధాలో విద్యాసదస్సు జరిపినప్పుడు, ప్రాథమిక విద్య పథకం తయారుచేసే సంఘానికి జాకిర్ హుస్సేన్‌నే అధ్యక్షుడిగా పెట్టడం గమనార్హం.

పిల్లల కోసం జామియా "పయామె తాలీమ్" అనే పత్రికను నడిపింది. జాకిర్ సాహెబ్ దానికి కథలు రాశారు. కొండల మీది స్వేచ్ఛ కోసం ఇల్లు విడిచి వెళ్లి, తెల్లవారేదాకా తోడేలుతో పోరాడిన మేక కథ "అబ్బూఖాన్ కీ బక్రీ" వాటిలో ప్రసిద్ధమైనది. ఆ కథలను ఆయన తన పేరుతో రాయలేదు. రుఖయ్యా రైహానా అనే పేరుతో రాశారు. రైహానా ఆయన చిన్నారి కూతురు. పసితనంలోనే మరణించింది. ఆ కబురు అందినప్పుడు ఆయన బడిలో పిల్లలకు మిఠాయి పంచుతున్నారని, వారి సంతోషం చెదరకూడదని పంచడం ఆపలేదని ఆయన సహచరులు చెప్పేవారు. ఆ పాప పేరు ఎందరో పిల్లలు చదివిన కథల మీద నిలిచింది.

చరిత్రకారుడైన ప్రొఫెసర్ ముజీబ్ జామియా వేదిక కోసం నాటకాలు రాశారు. "ఖేతీ" మొదటిది. దేశం మతకలహాలతో అట్టుడికిన 1946లో "ఖానా జంగీ" రాశారు. ఇంట్లో వాళ్లలో వాళ్లు పోరాడుకోవడమని ఆ పేరుకు అర్థం. అదే ఏడాది నవంబరులో జరిగిన జామియా రజతోత్సవంలో నెహ్రూ, జిన్నా, ఆజాద్ ఒకే వేదికపై కూర్చున్నారు. దేశంలో రగులుతున్న మంటను ఆర్పమని జాకిర్ హుస్సేన్ వారిని వేడుకున్నారు. ఆ బడిలో నాటకమంటే వేషాలు, రంగులు మాత్రమే కావు. బయట కాలుతున్న లోకాన్ని అర్థం చేసుకునే మార్గం కూడా.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ వాతావరణం కొనసాగింది. ప్రసిద్ధ నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ 1954లో "ఆగ్రా బజార్" నాటకాన్ని మొదట ప్రదర్శించింది జామియాలోనే. జామియా విద్యార్థులు, ఉపాధ్యాయులు, పక్కనే ఉన్న ఓఖ్లా గ్రామస్థులు అందులో నటులు. దోసకాయలమ్మేవాడు, లడ్డూలమ్మేవాడు, పతంగుల దుకాణంవాడు అందులో పాత్రలు. ప్రజాకవి నజీర్ అక్బరాబాదీ గురించిన నాటకమే అయినా ఆ కవి వేదిక మీద ఒక్కసారి కూడా కనిపించడు. అతని కవిత్వం బజారు మనుషుల నోట వినిపిస్తుంది. బడి గోడ దాటి ఊరితో చేయి కలిపితే కళకు ఎంత బలం వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

జర్మనీ నుంచి వచ్చిన ఆపాజాన్

ఈ బడిని తలుచుకునేటప్పుడు గెర్డా ఫిలిప్స్‌బోర్న్‌ను మరువరాదు. బెర్లిన్‌కు చెందిన యూదు మహిళ. ఆ ముగ్గురు యువకులతో అక్కడే స్నేహం కలిసింది. 1933 జనవరిలో జామియాలో చేరి చిన్నపిల్లల బాధ్యత తీసుకున్నారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, జర్మనీ నుంచి వచ్చిన మనిషి అన్న కారణంగా ఆంగ్ల ప్రభుత్వం ఆమెను నిర్బంధ శిబిరంలో ఉంచింది. విడుదలయ్యాక మళ్లీ ఆ పిల్లల దగ్గరికే వచ్చారు. 1943లో మరణించారు. జామియా ఖబరస్తాన్‌లోనే ఆమె సమాధి ఉంది. మతం వేరు, దేశం వేరు, భాష వేరు. అయినా ఆ పసివారి ఆటపాటల్లో తన జీవితానికి ఒక అర్థం ఉందని ఆమె నమ్మారు. మన సొంత పిల్లల ఆటపాటలకు మనం కేటాయించే సమయం ఎంత?

మన నేలలో కళ పరాయిది కాదు

ఇదంతా ఉర్దూ గడ్డ మీది ముచ్చట, తెలుగునాట మనకెలా కుదురుతుందని అనుకోనక్కరలేదు. పిఠాపురం ఉమర్ ఆలీషా తెలుగు పద్యానికి పెట్టింది పేరు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను తెలుగువారి ఇంటింటికీ చేర్చారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. చిన్ననాడు ఆయన పాడబోతే "మనకెందుకురా ఇవన్నీ" అని అందరూ నోరు మూయించి ఉంటే తెలుగు కళకు ఎంత నష్టం జరిగేది!

మన ఉర్దూ బడుల్లో "బజ్మె అదబ్" పేరుతో సాహితీ సంఘాలు నడిచిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. బైత్‌బాజీ ఆడేవారు. ఒక జట్టు చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిస్తే, రెండో జట్టు ఆ అక్షరంతో మొదలయ్యే షేర్ అందుకోవాలి. మన అంత్యాక్షరి వంటిదే. ఆటకు ఆట, వందల కవితలు కంఠస్థం. తెలుగు మాధ్యమంలో చదివే మన పిల్లలకు పద్యాలతో ఇదే ఆట ఆడించవచ్చు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన పిల్లలకు రెండు భాషల్లోనూ ఆడించవచ్చు. అలాంటి అవకాశం అందరు పిల్లలకూ ఉండదు.

తల్లిదండ్రుల సందేహాలు

కొన్ని కుటుంబాల్లో వేరే రకం సంకోచం ఉంటుంది. సంగీతం, నటన, బొమ్మల విషయంలో ఇంటి కట్టుబాట్లు అడ్డు రావచ్చు. ఆ సంకోచాన్ని చులకన చేయనక్కరలేదు. ఉపాధ్యాయుడితో ఆ మాట నేరుగా చెప్పవచ్చు. కాని ఒక్కదానికి అభ్యంతరం ఉందని అన్నింటినీ మాన్పించడం సరికాదు. వక్తృత్వం ఉంది, కవితా పఠనం ఉంది, కథారచన ఉంది. ఖత్తాతీ, అంటే అందమైన రాత, మన పూర్వీకులు శిఖరానికి చేర్చిన కళ. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల మీద, మసీదుల గోడల మీద ఆ వైభవం నేటికీ చూడవచ్చు. స్కేలు, వృత్తలేఖినితో వేసే జాలీ నమూనాల్లో రేఖాగణితమంతా ఉంది. కుట్టుపని, తోటపని, పుస్తకాలకు అట్టలు వేయడం, గోడపత్రిక... ఏ ఇంటికీ అభ్యంతరం లేనివి ఎన్నో ఉన్నాయి.

రెండో సందేహం మార్కుల గురించి. పదో తరగతి పిల్లవాడు రోజూ రెండు గంటలు నాటకాల రిహార్సళ్లలో గడిపితే ఏ తల్లిదండ్రులకైనా బెంగ సహజం. దానికి హద్దు పెట్టుకోవచ్చు. వారానికి ఒక పీరియడు చాలు. పరీక్షల ముందు నెల విరామం ఇవ్వవచ్చు. అయితే మరో సంగతి కూడా గమనించాలి. మంచి మార్కులతో పాసైన మన పిల్లలు ఇంటర్వ్యూ గదిలో తలవంచుకుని కూర్చుంటున్నారు. బ్యాంకుకు వెళ్లి ఒక దరఖాస్తు అడగడానికి జంకుతున్నారు. చాలా ఇళ్లలో కళాశాల గడప తొక్కిన మొదటి తరం వీరిదే. ఎలా మాట్లాడాలో, ఎలా కాదనాలో, పదిమంది ముందు ఎలా నిలబడాలో ఇంట్లో చూపించేవారు ఉండరు. బడిలోని సంఘమే వారికి ఆ శిక్షణాలయం. దాన్ని మాన్పిస్తే ఆ లోటును ఏ ట్యూషన్ పూడ్చగలదు?

ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. తన మాట నలుగురూ వింటారని బడిలో ఒక్కసారి తెలుసుకున్న అమ్మాయి, రేపు తన పైచదువు గురించి ఇంట్లో అమ్మీఅబ్బాలతో మర్యాదగా, ధైర్యంగా మాట్లాడగలుగుతుంది. ఆ మాట బయటికి రాక ఆగిపోయిన చదువులు మన బస్తీల్లో ఎన్ని లేవు?

పేరుకు సంఘాలు వద్దు

సంఘాలు పెట్టగానే సరిపోదు. ఎన్నో బడుల్లో అవి కాగితం మీదే ఉంటాయి. వార్షికోత్సవానికి వారం ముందు హడావిడి మొదలవుతుంది. ప్రసంగం ఉపాధ్యాయుడు రాస్తాడు, పిల్లవాడు వల్లిస్తాడు. బొమ్మకు రంగులు ఉపాధ్యాయురాలు వేస్తుంది, కింద పాప పేరు ఉంటుంది. బాగా మాట్లాడే నలుగురైదుగురే ప్రతి ఏడూ వేదిక ఎక్కుతారు. మిగతావారు చప్పట్లు కొడతారు. జామియా బడిని వీటినుంచి వేరు చేసింది ఒక్కటే. అక్కడ పిల్లల చేతికి నిజమైన పని ఇచ్చారు. బ్యాంకులో ఉన్నది నిజమైన డబ్బు. తోటలో నీళ్లు పోయకపోతే ఎండిపోయేవి నిజమైన మొక్కలు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు కొన్ని సూచనలు. సంఘానికి కార్యదర్శిని పిల్లలే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. పదవి మూడు నెలలు చాలు, ఎక్కువమందికి అవకాశం వస్తుంది. సమావేశంలో అనుకున్నది ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. వసూలైన ప్రతి రూపాయి లెక్కా నోటీసు బోర్డు మీద పెట్టాలి. మాటలు రాని పిల్లవాడికి తెర లాగే పని, దీపం చూసుకునే పని, అక్షరాలు రాసే పని ఇవ్వాలి. అతడు లేకపోతే ప్రదర్శన ఆగిపోతుందని అతనికి తెలియాలి. తప్పులు జరుగుతాయి, జరగనివ్వాలి. ఉపాధ్యాయుడు వెనుక బెంచీలో కూర్చోవడం నేర్చుకోవాలి. అన్నిటికన్నా కష్టమైన పని అదే.

జాకిర్ సాహెబ్ ఆ పనిని తన పద్ధతిలో చేశారు. బడికి మాసిన బూట్లతో రాకూడదని ఎన్నిసార్లు చెప్పినా విద్యార్థులు పెడచెవిన పెట్టారట. ఒకరోజు ఆయన గేటు దగ్గర బ్రష్షు, పాలిష్ డబ్బా పట్టుకుని కూర్చున్నారని, వచ్చినవారి బూట్లు తానే తుడవడం మొదలుపెట్టారని నేటికీ చెప్పుకుంటారు. మర్నాటి నుంచి ఎవరికీ ఆ మాట చెప్పవలసిన అవసరం రాలేదట. బాధ్యత నేర్పేవాడు ముందు తాను వంగాలి.

తల్లిదండ్రులుగా మనం చేయవలసినవీ ఉన్నాయి. పిల్లల ప్రదర్శన రోజున దుకాణం ఒక గంట ముందు కట్టేసి వెళ్లి ముందు వరుసలో కూర్చోవచ్చు. గోడపత్రిక దగ్గర నిలబడి మన బిడ్డ రాసింది చదవవచ్చు. పక్క బిడ్డ రాసింది కూడా చదివి మెచ్చుకోవచ్చు. బడి కమిటీ సమావేశాల్లో మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లల సంఘం ఎలా నడుస్తోందని కూడా అడగవచ్చు. తెలంగాణలో 2016 నుంచి నడుస్తున్న మైనారిటీ గురుకులాల్లో పిల్లలు రాత్రింబవళ్లు అక్కడే ఉంటారు. అలాంటిచోట సాయంకాలపు ఒక గంటను పిల్లల చేతికే వదిలితే ఎంతో చేయవచ్చు. ఖర్చు పెద్దగా ఉండదు. ఒక డ్రాయింగు షీటు, నాలుగు స్కెచ్ పెన్నులు, ఒక లెక్కల పుస్తకం.

రేపు మీ పాప వచ్చి, "అబ్బా, మా క్లాసు గ్రంథాలయం తాళంచెవి ఈ నెల నా దగ్గరే ఉంటుందట" అని చెబితే, "పోగొడతావేమో, వద్దని చెప్పు" అనకండి. తాళంచెవికి కట్టుకోవడానికి ఒక గట్టి దారం వెతికి ఇవ్వండి.